నాకొక్కడికేనా ఇలాగ? ఒళ్లు మారే వయసు బడిపిల్లలకు తోడు నిలవడం ఎలా: దశల వారీగా

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ప్రార్థన వరుస చూస్తే చాలు, వేసవి సెలవుల్లో ఎవరి ఒంట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఏప్రిల్‌లో వెనక నుంచి అయిదోదిగా నిలబడ్డ పిల్ల ఇప్పుడు వెనక నుంచి రెండోది. చేతులు రెండూ ఛాతీకి అడ్డంగా కట్టుకుని, నడుం కాస్త వంచి, పక్కపిల్లంత ఎత్తులోనే కనబడాలని చూస్తుంటుంది. రెండు వరుసల అవతల ఒక కుర్రాడు మడమలెత్తి నిలబడుతుంటాడు. వాడికింకా ఏమీ మొదలవలేదు. ఇద్దరి దిగులూ ఒకటేనని ఇద్దరికీ తెలియదు.

విశాఖలో గాజువాక వైపు ఒక హైస్కూల్లో 20 ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెబుతున్నాను. ఏటా కౌమారదశ పాఠానికి ముందు ఖాళీ స్వీటు డబ్బా ఒకటి తెచ్చి, మూతకి చీలిక కోసి, బల్ల మీద పెడతాను. పేరు రాయక్కర్లేదు, ఏదైనా అడగొచ్చు. కింద రాసినదాంట్లో కొంత పుస్తకాల్లోది, కొంత ఆ డబ్బాలోది, మిగతాది మా ఇంట్లో ఒక కూతుర్నీ, మా అక్క కొడుకునీ పెంచుతూ నేను చేసిన తప్పుల్లోంచి వచ్చింది. అయిదు నుంచి పదో తరగతి దాకా పిల్లలున్న అమ్మానాన్నలకీ, వాళ్లకి పాఠం చెప్పే మాలాంటి వాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా: చీటీల్లో ఏముంటుంది

పనులు మొదలుపెట్టే ముందు పిల్లల మనసులో ఏముందో వినాలి. డబ్బాలో పడే చీటీలు ఇలా ఉంటాయి.

"టీచర్ నాకొక్కదానికే వచ్చేసింది. మా క్లాసులో ఎవులికీ రానేదు. నాకేటైనా రోగమా?"

"గొంతు బాగయ్యే మందుందా?"

"మెడ ఎంత తోమినా తెల్లగవ్వట్లేదు. మా అమ్మ పీచుతో రుద్దితే మండుతోంది."

"నా పక్కన ఎవరూ కూర్చోట్లేదు. వాసనొస్తన్నాదంట."

"మా నాన్న ఇదివరకటిలాగ నాతో మాట్లాడ్డు. నానేటి తప్పు చేసాను?"

ఈ చివరి చీటీ వచ్చినరోజు నాకు పాఠం ముందుకి సాగలేదు. కూతురు పెద్దమనిషి అయ్యేసరికి ఏం మాట్లాడాలో తెలియక తండ్రి దూరం జరుగుతాడు. ఆయనకది మర్యాద. ఆ పిల్లకది శిక్ష.

ఇన్నేళ్ల చీటీలు కలిపి చూస్తే నాకర్థమైంది ఒకటే. ఒంట్లో మార్పు వచ్చినందుకు పిల్లలు అంతగా భయపడరు, తమకొక్కరికే వచ్చిందనో, తమకొక్కరికే రాలేదనో భయపడతారు. నలుగురూ చూసి ఏమంటారోనని భయపడతారు. "ఒక్కదానికే", "ఒక్కడికే" అన్న మాట లేని చీటీ అరుదు. కాబట్టి మనం చేయాల్సిన ప్రతి పనీ ఆ ఒంటరితనాన్ని తగ్గించేదిగా ఉండాలి.

మొదటి పని: ఇంట్లో మాటలు లెక్కేయడం

ఒక వారం రోజులు చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. ఇంట్లో ఎవరు ఎవరి ఒంటి గురించి ఏ మాట అన్నా రాయండి. "ఎంత ఒళ్లొచ్చిందే నీకు", "బొండాంలా తయారయ్యావు", "ఎండలో తిరిగి మరీ నల్లబడిపోయావు", "ఆళ్ల గుంటడికి మీసాలొచ్చేసాయి, మనవోడింకా అలాగే ఉన్నాడు". మీ గురించి మీరు అనుకునేవీ రాయండి. అద్దం ముందు నిలబడి "ఛీ, ఈ పొట్టేంటి" అని అమ్మ అనుకుంటే వినే పిల్ల పక్కగదిలోనే ఉంటుంది. వారం తిరిగేసరికి పేజీలు నిండుతాయి. మా ఇంట్లో నాలుగు రోజులకే నిండాయి.

నా తప్పు చెబుతాను. మా అమ్మాయి ఆరో తరగతిలో ఒక్కసారిగా సాగింది. ముచ్చటపడే అన్నాను, "నిట్రాడులా పెరిగావే" అని. వచ్చిన చుట్టాలందరి ముందూ అదే మాట. రెండేళ్లు అది నడుం వంచి నడిచింది. నేనేమో నిటారుగా నిలబడమని తిడుతూ వచ్చాను. కారణం నేనేనని చాలా తర్వాత అదే చెప్పింది.

మీ నోరు కట్టుకోవడం తేలిక, చుట్టాలవి కష్టం. పెళ్లిళ్లలో ఎదురుపడగానే "ఏటే ఇలాగైపోయావు" అనడం మనవైపు పలకరింపులో భాగం. దానికి ముందే ఒక మాట సిద్ధం చేసుకోండి. "పిన్నీ, దాన్ని ఆ సంగతి అడక్కండి, ఈమధ్య షటిల్ ఆడుతోంది, అదడగండి" అని పిల్ల వినేలా అనండి. పిన్ని నొచ్చుకుంటుందేమో, నొచ్చుకోనివ్వండి. మీరు తనవైపు నిలబడ్డారని పిల్లకి తెలియాలి.

రెండో పని: రాకముందే చెప్పడం

చాలామంది "సమయం వచ్చినప్పుడు చెబుదాంలే" అనుకుంటారు. అది మనకి చెప్పి రాదు. ఆడపిల్లల్లో మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు, మగపిల్లల్లో 9 నుంచి 14 మధ్య. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి మధ్య నాలుగైదేళ్ల తేడా ఉన్నా ఇద్దరూ మామూలేనని దీనర్థం. ఈ ఒక్క వాక్యం పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

వరుస కూడా తెలిసుండాలి. ఆడపిల్లల్లో సాధారణంగా మొదట కనిపించేది ఛాతీ దగ్గర చిన్న గడ్డలా తగలడం. ఒకవైపే ముందు రావచ్చు, ముట్టుకుంటే నొప్పిగా ఉండొచ్చు, రెండోవైపు కొన్ని నెలల తర్వాత రావచ్చు. ఇది తెలియక క్యాన్సరేమోనని హడలిపోయి మా బడికి పరిగెత్తుకొచ్చిన తల్లులున్నారు. అప్పటినుంచి దాదాపు రెండు, రెండున్నరేళ్లకు నెలసరి మొదలవుతుంది. ఆ గుర్తు కనబడినప్పుడే చెప్పడం మొదలుపెడితే మీకు చాలినంత వ్యవధి ఉంటుంది.

మగపిల్లల్లో మొదటి మార్పు వృషణాలు పెరగడం. అది బయటికి కనబడదు. అందుకే గొంతు మారి, మీసం మొలిచినప్పుడే మొదలైందని పెద్దలనుకుంటారు. అప్పటికి కథ సగం నడిచిపోయి ఉంటుంది.

పాఠ్యపుస్తకంలో వచ్చేదాకా ఆగితే చాలామంది ఆడపిల్లలకి ఆలస్యమైపోతుంది. ఆడపిల్లకి 8 నిండగానే, మగపిల్లాడికి 10 రాకముందే మాట కదపండి. ఆ వయసుకి చాలా చెప్పక్కర్లేదు. "ఇంకొన్నాళ్లకి నీ ఒంట్లో కొన్ని మార్పులొస్తాయి. నాకూ వచ్చాయి, నాన్నకీ వచ్చాయి. ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. ఏ చిన్న సంగతైనా నాకు చెప్పు, నేను కోప్పడను" అంటే చాలు. మిగతాది అడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా.

ఒంటి భాగాలకి వాటి పేర్లే వాడండి, ముద్దుపేర్లు వద్దు. పేరు తెలిసిన పిల్ల డాక్టరుకి చెప్పగలదు. ఎవరైనా చేయకూడని చోట చేయివేస్తే అదీ చెప్పగలదు. ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు కూడదు అన్నది ఈ వయసులోనే మళ్లీ ఒకసారి గుర్తుచేయాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉందని నోటికి నేర్పించండి.

మూడో పని: చోటు చూసుకోవడం

ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. మన ఊళ్లో దీనికి దేవుడిచ్చిన చోటు బీచ్ రోడ్డు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో చేతికో మురీమిక్చర్ పొట్లం ఇచ్చి, కుర్సుర జలాంతర్గామి దగ్గర్నుంచి నడక మొదలుపెట్టండి. ఇద్దరూ సముద్రం వైపే చూస్తుంటారు, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. స్కూటరు వెనక కూర్చున్నప్పుడు ఇంకా బాగా మాట్లాడతారు. మా అక్క కొడుకు అడగాల్సినవన్నీ ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో, నా వీపు వెనక నుంచే అడిగాడు.

మీకు తెలియనిది అడిగితే "నాకూ సరిగ్గా తెలీదు, రేపటికి కనుక్కుని చెబుతా" అనండి. రేపు చెప్పి తీరండి. చెప్పకపోతే ఇక అడగరు.

నాన్నలకి విడిగా ఒక మాట. కూతురు ఎదిగిందని దూరం జరగకండి. ఇదివరకు తల నిమిరేవారైతే ఇప్పుడూ నిమరండి. ఇద్దరూ కలిసి టిఫిన్‌కి వెళ్లేవారైతే అది ఆపకండి. పిల్లే కాస్త దూరం కోరుకుంటే అది వేరే సంగతి, ఆమె ఇష్టం. మీరై మీరు మాత్రం మానొద్దు.

నాలుగో పని: గోడమీద గీత, సరిగ్గా

ఎత్తు గురించి పిల్లలు పడే బాధ ఇంతా అంతా కాదు. అంకెలు ఈ బాధని తగ్గించగలవు, సరిగ్గా కొలిస్తే. చెప్పుల్లేకుండా, మడమలు గోడకి ఆనించి, చూపు నేరుగా ఉండగా, తలమీద గట్టి అట్ట పుస్తకం గోడకి లంబంగా పెట్టి గీయండి. ఎప్పుడూ ఉదయాన్నే కొలవండి. రోజంతా నిలబడి కూర్చుని సాయంత్రానికి మనిషి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాడు. ఆరు నెలలకోసారి చాలు. నెలనెలా కొలిస్తే అనవసరపు దిగులు.

ఇప్పుడు అంకెలు. యుక్తవయసు మొదలవకముందు పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. మొదలయ్యాక ఆడపిల్లలు జోరుమీదున్న ఏడాదిలో 8 సెంటీమీటర్ల దాకా, మగపిల్లలు 9, 10 దాకా సాగుతారు. ఆడపిల్లల జోరు దాదాపు రెండేళ్లు ముందొస్తుంది. ఏడో తరగతి ఫొటోలో ఆడపిల్లలు పొడుగ్గా, మగపిల్లలు పొట్టిగా ఉండడానికీ, పదో తరగతి ఫొటోలో అది తిరగబడడానికీ కారణం అదే. మా స్టాఫ్ రూములో పాత గ్రూపు ఫొటోలున్నాయి. ఒకే బ్యాచివి రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. నా పాఠం కంటే ఆ ఫొటోలే ఎక్కువ పనిచేస్తాయి.

నెలసరి మొదలయ్యాక ఎదుగుదల ఆగిపోదు, నెమ్మదిస్తుంది. సాధారణంగా మరో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు.

చివరికి ఎంత ఎత్తవుతారో చూచాయగా తెలుసుకోవాలంటే అమ్మానాన్నల ఎత్తులు కలిపి, మగపిల్లాడికైతే 13 కలిపి, ఆడపిల్లకైతే 13 తీసి, సగం చేయండి. నాన్న 168, అమ్మ 154 సెంటీమీటర్లయితే కొడుకు 167.5, కూతురు 154.5. దీనికి అటూ ఇటూ ఏడెనిమిది సెంటీమీటర్లు తేడా రావచ్చు. పొడుగు పెంచుతామని అమ్మే పొడులూ మాత్రలూ కొనకండి. కడ్డీ పట్టుకుని వేలాడితే చేతులు గట్టిపడతాయి, ఎముక పొడవు పెరగదు.

చేతులు, పాదాలు ముందు పెరుగుతాయి. ఆ కొన్ని నెలలు పిల్లలు గ్లాసులు పడేస్తారు, గుమ్మాలకి గుద్దుకుంటారు. తిట్టకండి. కాళ్లు ఎక్కడున్నాయో మెదడు మళ్లీ నేర్చుకుంటోంది, అంతే. జూన్‌లో కొన్న బూట్లు సంక్రాంతికి బిగిస్తాయి. పిల్లలు ఖర్చని చెప్పరు, మీరే బొటనవేలు నొక్కి చూడండి.

అయిదో పని: నెలసరికి సంచి కట్టడం

ఛాతీ మార్పు మొదలైన ఏడాదికి బ్యాగులో ఒక చిన్న సంచి పెట్టండి. అందులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత కాగితం, ఒక సబ్బుబిళ్ల ముక్క. ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో ఇంట్లోనే ఒకసారి విప్పి చూపించండి, దానిమీద నీళ్లు పోసి ఎలా పీలుస్తుందో చూడనివ్వండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. వాడింది కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి, మరుగుదొడ్డిలో కాదు. బట్ట వాడే ఇళ్లలో అయితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. ఎవరైనా చూస్తారని మంచం కింద చీకట్లో ఆరేసిన తడిబట్టతోనే దురదలూ, ఇన్ఫెక్షన్లూ వస్తాయి. వానాకాలం మన సముద్రగాలికి రెండ్రోజులైనా బట్ట ఆరదు. ఆ నెలల్లో ప్యాడ్లే నయం.

మొదటి రెండేళ్లు లెక్క తప్పుతుంది. 21 రోజులకి రావచ్చు, 45 రోజులకి రావచ్చు. ఏడు రోజుల్లోపు ఆగితే మామూలే. క్యాలెండరు మీద చిన్న చుక్క పెట్టుకోవడం నేర్పండి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొస్తే ఆ చుక్కలే మాట్లాడతాయి.

బడిలో వీళ్లకున్న పెద్ద భయం మరక. శనివారం తెల్ల యూనిఫాం ఉన్న బళ్లలో ఆడపిల్లలు ఆరోజు బెంచీ దిగరు. ముందే ఒక ఏర్పాటు చెప్పుకోండి. మరకైతే ఏ టీచరు దగ్గరికి వెళ్లాలి, నడుముకి ఏం కట్టుకోవాలి, ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారు అన్నది తెలిస్తే సగం భయం పోతుంది.

ఇక ఫంక్షన్ మాట. సమర్త వేడుక మన ఇళ్లలో ఉన్నదే. నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టడం నాకిష్టం, ఆ రెండూ ఆ పిల్లకి కావలసినవే. అత్తలూ పిన్నులూ చుట్టూ చేరి పాటలు పాడితే "నేనొక్కదాన్నే కాదు, ఇందరికీ ఇదే అయింది" అని ఆ పిల్లకి తెలుస్తుంది. కానీ మూల కూర్చోబెట్టి ఎవరినీ ముట్టుకోవద్దనడం, రెండు వారాలు బడి మాన్పించడం నేనొప్పుకోను. రోడ్డు మలుపులో పేరూ, ఫొటో వేసి ఫ్లెక్సీ కట్టడం అసలే ఒప్పుకోను. ఆ ఫ్లెక్సీ కిందనుంచే ఆ పిల్ల సోమవారం బడికి నడవాలి, క్లాసులో మగపిల్లలందరూ దాన్ని చదివి ఉంటారు. ముందు పిల్లని అడగండి. "పట్టులంగా కావాలి, ఫొటోలు కావాలి, బోర్డొద్దు" అన్నవాళ్లున్నారు. "ఏదీ వద్దు" అన్నవాళ్లూ ఉన్నారు. ఏది అంటే అది.

ఆరో పని: మగపిల్లల్ని మరవకపోవడం

మగపిల్లాడికి పంచెలు పెడతారు, కవర్లలో డబ్బు పెడతారు, ఒక్క ముక్క చెప్పరు. డబ్బాలో మగపిల్లల చీటీలు మడతల మీద మడతలు వేసి ఉంటాయి, గోటంత.

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతిలో రుషికొండకి పిక్నిక్ వెళ్లాడు. అందరూ చొక్కాలు విప్పి నీళ్లలోకి దిగితే వీడు జలుబని ఒడ్డున కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంట్లో కూడా బనియన్ మీద చొక్కా లేకుండా కనబడలేదు. విషయం ఏమిటంటే ఛాతీ కొంచెం ఉబ్బి, నొక్కితే నొప్పిగా ఉంది. క్లాసులో ఎవడో ఒక మాటన్నాడు. ఈ వయసు మగపిల్లల్లో సగం మందికి ఇలా వస్తుంది. హార్మోన్లు సర్దుకునేదాకా ఉండి, చాలామందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఇది వాడికి నేను చెబితే వినలేదు. మావారు తనకీ అలాగే అయిందని చెప్పాకే మళ్లీ నీళ్లలోకి దిగాడు. అందుకే అంటాను, మగపిల్లాడికి ఒక మగమనిషి చెప్పాలి. నాన్న సిగ్గుపడితే మేనమామ ఉన్నాడు కదా.

గొంతు సంగతి: స్వరపేటిక పెరిగి, తంత్రులు పొడవూ మందమూ అవుతాయి. కొత్త వాయిద్యం చేతికొచ్చినట్టే, శ్రుతి కుదరడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో క్లాసులో లేపి పద్యం చదివించకండి, తనై తను చదువుతానంటే తప్ప. రాత్రి నిద్రలో వీర్యం పోవడం కూడా ఈ వయసులో మామూలే. రోగం కాదు, బలహీనత రాదు, పాపమూ కాదు. పక్కబట్టలు తానే ఉతుక్కునే ఏర్పాటు చేసి, ఎవరూ ఎగతాళి చేయకుండా చూడండి. బలం పోయిందని భయపెట్టి మందులమ్మే గోడ ప్రకటనల బారిన పడేది ఈ మాట చెప్పేవాళ్లు లేని పిల్లలే. గడ్డం గీస్తే దట్టంగా మొలుస్తుందన్నది నిజం కాదు.

ఏడో పని: చర్మం, చెమట, మెడ

మొటిమలకి కారణం మురికి కాదు. హార్మోన్ల వల్ల చర్మంలో నూనె ఎక్కువై రంధ్రాలు మూసుకుపోతాయి. రోజుకి రెండుసార్లు తేలికపాటి సబ్బుతో కడగడం, గిల్లకపోవడం, తలకి రాసిన కొబ్బరినూనె నుదుటి మీదకి జారకుండా చూసుకోవడం చాలు. అప్పటికీ తగ్గకపోతే బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటి మందు డాక్టరు రాస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడితేగానీ తేడా తెలియదు. పిల్లలు మూడో రోజుకే మానేస్తారు, అదే తంటా.

పక్కింటివాళ్లు చెప్పిన తెల్లబడే క్రీము మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ట్యూబు వెనక బీటామెథజోన్, క్లోబెటసాల్, మొమెటజోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. మొదటి నెల మొహం మెరుస్తుంది. ఆ తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి. గజ్జల్లో తామరకి మందుల షాపులో ఇచ్చే మిశ్రమం క్రీముల్లో కూడా తరచూ ఇదే ఉంటుంది. దురద తగ్గినట్టే తగ్గి తామర పాకుతుంది. మన ఉక్కపోతకి తామర ఎవరికైనా వస్తుంది. సిగ్గుపడకుండా చర్మం డాక్టరుకి చూపించాలి.

చంకల్లోని ఒక రకం స్వేదగ్రంథులు ఈ వయసులోనే పని మొదలుపెడతాయి, అందుకే చిన్నప్పుడు లేని వాసన ఇప్పుడొస్తుంది. రెండు పూటలా స్నానం, ఒళ్లు పూర్తిగా తుడుచుకోవడం, నూలు లోదుస్తులు రోజూ మార్చడం, ఉతికిన చొక్కా. యూనిఫాం ఒక్క జతే ఉంటే సాయంత్రం ఉతికినా పొద్దుటికి ఆరని ఊరు మనది. కుదిరితే మూడో చొక్కా కుట్టించండి. ఈ సంగతి పిల్లకి ఏకాంతంలో చెప్పండి, అన్నదమ్ముల ముందు కాదు.

మెడ గురించి గట్టిగా చెప్పాలి. మెడ వెనక, చంకల్లో మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడితే అది మట్టి కాదు. పీచు పెట్టి రుద్దితే పోదు, ఇంకా నల్లబడుతుంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడానికి అది గుర్తు కావచ్చు, ముఖ్యంగా బరువు ఎక్కువున్న పిల్లల్లో. ఇన్నాళ్లూ "ఒళ్లు రుద్దుకోవు" అని తిట్లు తిన్న పిల్లకి ముందు క్షమాపణ చెప్పండి, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఎనిమిదో పని: తిండి, బరువు, నిద్ర

సాగే ముందు పిల్లలు కాస్త లావెక్కుతారు. ఆడపిల్లల తుంటి దగ్గర కొవ్వు చేరడం ఎదుగుదలలో భాగం. ఆ సమయంలో కంచంలో అన్నం తీసేయకండి. బరువు ఎక్కువో కాదో పెద్దవాళ్ల లెక్కతో తేలదు. వయసుని బట్టి చూసే పటాలు పిల్లల డాక్టర్ల దగ్గరుంటాయి.

మన వంటింట్లోనే కావలసినవి ఉన్నాయి. చోడి (రాగి) అంబలి, ముళ్లతోపాటే నమిలే నెత్తళ్లు, గుడ్డు, పప్పు, తోటకూర. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో ప్రతి పది మందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉందని తేలింది. బద్ధకం అని మనం తిట్టేది చాలాసార్లు రక్తం లేకపోవడమే. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర పిల్లలు జేబులో వేసుకుని గోడ అవతల పారేస్తారు, నాకు తెలుసు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారంగా ఉంటుంది, అందుకు. భోజనం తర్వాత వేసుకోవాలి, ఆ గంటలో టీ తాగకూడదు. మలం నల్లగా వస్తే భయం లేదు. నులిపురుగుల మాత్ర ఆరునెలలకోసారి.

నిద్ర 8 నుంచి 10 గంటలు కావాలి. ఈ వయసులో నిద్ర వేళే వెనక్కి జరుగుతుంది, అది మొండితనం కాదు. పొద్దున్న అయిదింటికి లేపి ట్యూషన్‌కి పంపే వాళ్లకి నేనేం చెప్పినా ఎక్కదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఫోన్ గురించి ఒక్కటే. ఫిల్టర్ వేసిన ఫొటో, వేయని ఫొటో రెండూ మీ మొహంతో తీసి పక్కపక్కన చూపించండి. మీ వాట్సాప్ స్టేటస్‌లో పిల్ల ఫొటో పెట్టేముందు అడగండి.

తొమ్మిదో పని: బడిలో డబ్బా పెట్టడం

ఇది టీచర్లకి. డబ్బా పెట్టిన రోజే తీయకండి, వారం ఉంచండి. ప్రతి పిల్లాడూ ఏదో ఒకటి రాసి వేయాలని చెప్పండి. అడగడానికేమీ లేనివాళ్లు ఒక బొమ్మ గీసి వేస్తారు. అప్పుడు ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. చీటీలన్నీ ఇంటికి తీసుకెళ్లి ముందే చదవండి. చేతిరాత పోల్చి ఎవరో కనిపెట్టే ప్రయత్నం చేయకండి. క్లాసులో మీ మాటల్లో చదవండి, వాళ్ల తప్పులతో కాదు. మొదటి పాఠం ఆడపిల్లలకీ మగపిల్లలకీ కలిపే చెబుతాను. ప్రశ్నలకి మాత్రం విడివిడిగా కూర్చోబెడతాను. "ఈ పాఠం ఇంట్లో చదువుకోండి" అని పేజీ తిప్పేస్తే ఆ రోజుతో నమ్మకం పోయినట్టే.

ఒక మినహాయింపు డబ్బా పెట్టేరోజే చెప్పాలి. ఎవరైనా పిల్లని హింసిస్తున్నారని చీటీలో ఉంటే అది రహస్యంగా ఉంచలేను, సాయం తెస్తాను అని. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక వేధింపు సంగతి తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి.

పేర్లు పెట్టే అలవాటు మనలోనూ ఉంది. "ఓయ్ లంబూ, బోర్డు తుడువు" అని టీచరే పిలిస్తే క్లాసుకి లైసెన్సు ఇచ్చినట్టు. మరుగుదొడ్డికి గడియ, నీళ్లు, మూతున్న చెత్తబుట్ట ఉన్నాయో లేదో స్వయంగా వెళ్లి చూడండి. నెలసరి రోజుల్లో రాని పిల్లని "నిన్నెందుకు రాలేదు" అని నలుగురిలో అడక్కండి.

పదో పని: డాక్టరు దగ్గరికి ఎప్పుడు

ఆడపిల్లకి 8 నిండకముందే, మగపిల్లాడికి 9 నిండకముందే మార్పులు మొదలైతే చూపించండి. 13 దాటినా ఆడపిల్ల ఛాతీలో మార్పు లేకపోతే, 15 దాటినా నెలసరి రాకపోతే, 14 దాటినా మగపిల్లాడిలో ఏ మార్పూ లేకపోతే కూడా. ఎదిగే వయసులో ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోవడం. గంట, రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, ఏడు రోజులు దాటి రక్తస్రావం. ఆడపిల్లకి గడ్డం మీద గట్టి వెంట్రుకలు, దానితోపాటు నెలలు తప్పడం. బడి మానేసేంత కడుపునొప్పి కూడా "ఓర్చుకో" అనాల్సినది కాదు.

మనసుకి సంబంధించినవి ఇంకా తొందరగా చూడాలి. భోజనం దాటేయడం, తిన్న వెంటనే బాత్రూములో దూరడం, రోజుకి మూడుసార్లు బరువు చూసుకోవడం, అద్దం చూసి ఏడవడం, స్నేహితుల్ని మానేయడం, చచ్చిపోతానన్న మాట. వీటిని వయసు ప్రభావమని వదిలేయకండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మన ఊళ్లో ముందు దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, అక్కడి నర్సు (ఏఎన్ఎం) తెలిసినావిడే అయుంటుంది. పెద్ద పరీక్షలకి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో పిల్లల విభాగం, చర్మ విభాగం, హార్మోన్ల విభాగం ఉన్నాయి. ఆడపిల్లలకి పాతనగరంలో ఘోషాసుపత్రి. మానసిక వైద్యానికి వాల్తేరులో ప్రభుత్వ ఆసుపత్రి. "వాల్తేరు పంపిస్తా" అన్నది మనవైపు తిట్టు కాబట్టి పిల్ల భయపడుతుంది. అక్కడికి ఎందుకు వెళ్తున్నారో ముందే విడమర్చి చెప్పండి.

వెళ్లేటప్పుడు గోడమీది ఎత్తులు రాసిన కాగితం, చుక్కల క్యాలెండరు, వాడిన క్రీముల ట్యూబులు సంచిలో వేసుకోండి. డాక్టరు అడిగినదానికి పిల్లనే జవాబు చెప్పనివ్వండి, ఎంతసేపు నాన్చినా సరే. పెద్ద పిల్లలైతే, మీరు చెప్పాల్సింది చెప్పేశాక, డాక్టరుతో పిల్ల విడిగా మాట్లాడుకోవడానికి ఒక పది నిమిషాలు లేచి బయట బెంచీ మీద కూర్చోండి. పరీక్ష చేయాల్సొచ్చి పిల్ల మిమ్మల్ని లోపలికి రమ్మంటే వెళ్లండి. బయటికొచ్చాక ఏం మాట్లాడిందని అడక్కండి. మా అమ్మాయి ఆస్పత్రి గేటు దగ్గర చెరుకురసం తాగుతూ తనే చెప్పింది, అన్నీ కాదు, సగం.